ఎలుగుబంటి మీద ఉపన్యాసం

కమలాకర్ ఇంట్లో కార్టూన్లు నిషేధం. ఆ నిషేధం వర్తించేది ఒక్కరికే, ఐదేళ్ల మేధకి. కార్టూన్లు చూస్తే పిల్లల మెదడు మొద్దుబారిపోతుందని కమలాకర్ ఎక్కడో చదివాడు. ఎక్కడ చదివాడో అతనికి గుర్తులేదు. అందుకే ఆ విషయంలో అతనితో వాదించి గెలిచినవాళ్లు లేరు.

అతనిది హనుమకొండ. జర్మనీలోని డ్రెస్డెన్‌లో చిప్‌లు డిజైన్ చేసే ఓ కంపెనీలో ఇంజినీరు. భార్య ఆండాళ్‌ది కాకినాడ. ఆమె ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. మేధ పుట్టింది డ్రెస్డెన్‌లోనే. తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతుంది, మరీ కోపమొస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది. "మా ఇంట్లో పిల్లకి స్క్రీన్ అలవాటు లేదు" అన్నది కమలాకర్ జర్మన్‌లో ఒక్క తప్పు కూడా లేకుండా చెప్పగలిగిన మొదటి వాక్యం. మేధ వెళ్లే కీటాలో, అంటే చిన్నపిల్లల బడిలో, తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడల్లా ఆ వాక్యం ఒకసారి వినిపించేవాడు. ఆఫీసులో కూడా సందర్భం కల్పించుకుని మరీ వినిపించాడు.

2020 డిసెంబరులో రెండో లాక్‌డౌన్ వచ్చి కీటా మూసేశారు. అత్యవసర ఉద్యోగాలు చేసేవాళ్ల పిల్లల్ని మాత్రమే తీసుకుంటామన్నారు. చిప్‌లు లేకపోతే ప్రపంచం ఒక్క రోజు కూడా నడవదని కమలాకర్ కంపెనీ వాళ్ల వెబ్‌సైట్లో పెద్దక్షరాలతో ఉంది. కీటా వాళ్లు ఆ వెబ్‌సైట్ చూసినట్టు లేదు. మేధ ఇంట్లోనే ఉండిపోయింది.

వాళ్ల ఫ్లాట్‌లో ఉన్నవి రెండే గదులు. పడగ్గది ఆండాళ్‌కి ఆఫీసయింది. హాల్లో డైనింగ్ టేబుల్ కమలాకర్‌కి ఆఫీసయింది. మిగిలిన ఇల్లంతా మేధది. మొదట్లో పజిళ్లు, పూసలు, రంగుల పిండి ముద్దలు అన్నీ పనిచేశాయి. తర్వాత అవన్నీ పనిచేయడం మానేశాయి, మేధ పనిచేయడం మొదలుపెట్టింది. కమలాకర్ కుర్చీ వెనక నిలబడి మీటింగులో ఉన్నవాళ్లందరికీ ఒక్కొక్కరికీ పేరుపేరునా హలో చెప్పేది. కుర్చీ ఎక్కి అతని జుట్టుకి క్లిప్పులు పెట్టేది.

ఒకరోజు ఆండాళ్ పడగ్గది తలుపు తీసుకుని వచ్చింది. చెవిలో హెడ్‌ఫోన్ అలాగే ఉంది.

"ఏవండీ, దాని మెదడు సంగతి తర్వాత చూసుకుందాం. ఇంకో గంటలో నాకు కస్టమర్ కాల్ ఉంది. దానికేదో ఒకటి పెట్టండి."

"ఏదో ఒకటంటే? కార్టూనా?"

"కార్టూనో, క్రికెట్టో. అరవకుండా కూర్చుంటే చాలు."

కమలాకర్ మనసు ఒప్పుకోలేదు. అయినా వెతికాడు. కొత్తవి పెట్టడం తన సిద్ధాంతానికి విరుద్ధం కాబట్టి పాతది చూశాడు. డెబ్బై ఎనభయ్యేళ్ల నాటి అమెరికన్ కార్టూన్ ఒకటి దొరికింది. కాపీరైట్ కూడా తీరిపోయింది. పాతది గనక ఇది కార్టూన్ కిందికి రాదు, చరిత్ర కిందికి వస్తుందని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

ఏడు నిమిషాల బొమ్మ అది. చలికాలమంతా నిద్రపోదామని ఓ ఎలుగుబంటి టోపీ పెట్టుకుని పడుకుంటుంది. ఓ ఈగ పడుకోనివ్వదు. ఎలుగుబంటి పెనం పట్టుకుని ఈగను కొట్టబోయి తన నెత్తినే కొట్టుకుంటుంది. తల పెనం ఆకారంలోకి మారిపోతుంది. ఈగను తరుముతూ కొండ చివర దాటి గాల్లో నాలుగడుగులు నడుస్తుంది. కిందికి చూసుకున్న తర్వాతే పడుతుంది. మేధ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారి కార్పెట్ మీద పడింది. లేచి, "నోఖ్‌మాల్!" అంది. మళ్లీ పెట్టమని. ఆ ఒక్క మాట ఆ ఇంట్లో ఆ వారమంతా వినిపించింది.

కమలాకర్ తన రెండో మానిటర్ మేధకి ఇచ్చి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి పని చేసుకున్నాడు. అంతా సవ్యంగా జరిగింది, సోమవారం మీటింగు దాకా.

ఆ మీటింగులో అతను కొత్త డిజైన్ చూపించాలి. స్క్రీన్ షేర్ చేశాడు. చేసింది రెండో స్క్రీన్. ఆఫీసులో ఉన్నవాళ్లూ ఇళ్లలో ఉన్నవాళ్లూ అందరూ చూస్తుండగా ఎలుగుబంటి పెనంతో నెత్తి మీద కొట్టుకుంది. తల పెనమైంది. ఈగ వచ్చి ఆ పెనం మీద కూర్చుని కాళ్లు రుద్దుకుంది.

ఎవరూ నవ్వలేదు. అందరి మైకులూ మ్యూట్‌లో ఉన్నాయి, మొహాలు కూడా అలాగే ఉన్నాయి.

కమలాకర్ పై అధికారి హెర్ ఫోగెల్, అంటే ఫోగెల్ గారు. హాస్యమంటే ఆయనకు చాలా గౌరవం. గౌరవం వల్లే కాబోలు, దానికి దూరంగా ఉండేవాడు.

"హెర్ కమలాకర్, ఇది ఏమిటి?" అన్నాడు జర్మన్‌లో.

"మా పాప చూస్తోంది" అంటే అక్కడితో అయిపోయేది. అక్కడున్న సగం మంది ఇళ్లలో అదే సమయానికి అదే జరుగుతోంది. కానీ క్రితం వారమే ఈ మీటింగులోనే, పిల్లలకి ఫోనిచ్చి కూర్చోబెట్టడం గురించి కమలాకర్ ఓ చిన్న ఉపదేశం చేసి ఉన్నాడు. నోటికొచ్చింది అనేశాడు.

"ఇది నా పరిశోధన. పాత అమెరికన్ యానిమేషన్ చరిత్ర చదువుతున్నాను. తీరిక వేళల్లో."

హెర్ ఫోగెల్ ముందుకు వంగాడు. ఆ కంపెనీలో శుక్రవారం మధ్యాహ్నాలు ఆన్‌లైన్ ఉపన్యాసాలు పెట్టేవారు. ఉద్యోగులు తమ తీరిక వేళల వ్యాపకం గురించి మాట్లాడాలి. లాక్‌డౌన్‌లో మనుషులు దూరమవకుండా ఉండటానికట. ఒకాయన తేనెటీగల గురించి చెప్పాడు. ఒకామె ఇంట్లో రొట్టె చేసుకోవడానికి పిండి ఎలా పులియబెట్టాలో చెప్పింది. తర్వాత ఎవరూ ముందుకు రాలేదు.

"అద్భుతం. వచ్చే శుక్రవారం మీదే" అన్నాడు హెర్ ఫోగెల్. "ఎలుగుబంటితో మొదలుపెట్టండి."

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే ఆండాళ్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది.

"మా అమ్మాయి చూస్తోందని చెప్పలేకపోయారా?"

"ఎట్ల చెప్త? మొన్ననే గంత చెప్పిన కదా, మా ఇంట్ల స్క్రీన్ లేదని."

"సరే. ఇప్పుడు మాత్రం రెండున్నాయి."

కమలాకర్ ఏ పనైనా మొదలుపెడితే సగంలో వదిలే రకం కాదు. ఆ వారమంతా చదివాడు. చదివినకొద్దీ ఆశ్చర్యపోయాడు. ఒక్క సెకను బొమ్మ కదలాలంటే ఇరవై నాలుగు ఫ్రేములు కావాలి. మొదట్లో అన్నీ కాగితాల మీదే, వెనకున్న చెట్టూ గుట్టా కూడా ప్రతిసారీ కొత్తగా గీసేవారు. తర్వాత పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్లు వచ్చాయి. వెనక దృశ్యం ఒకటే ఉంచి, దాని మీద కదిలే బొమ్మను మాత్రం మార్చుకునేవారు. ఆ షీట్ల మీద సిరాతో గీతలు దిద్ది, వెనకవైపు రంగులు నింపింది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్ల పేర్లు తెర మీద వేసేవారు కాదు. పని అయిపోయాక కొన్ని స్టూడియోల్లో షీట్లు కడిగేసి మళ్లీ వాడుకునేవారు. బొమ్మలకి నాలుగే వేళ్లుండటం కూడా పని తగ్గించుకోవడానికేనట. ఇవి పిల్లల కోసం మాత్రమే తీసినవి కావనీ, సినిమా హాల్లో అసలు సినిమాకి ముందు పెద్దవాళ్లకీ చిన్నవాళ్లకీ కలిపి వేసేవారనీ తెలిసినప్పుడు కమలాకర్‌కి ఎంతో ఊరట కలిగింది. మెదడు మొద్దుబారే విషయంలో చరిత్ర తన వైపే ఉన్నట్టనిపించింది.

మొదటి ఉపన్యాసం ముగిశాక అందరూ ఎవరి బల్ల మీద వాళ్లు పిడికిలితో తట్టారు. జర్మన్లు మెచ్చుకునే పద్ధతి అది. తర్వాత ప్రశ్నలు అడిగారు. కొండ చివర దాటాక ఎలుగుబంటి ఎంతసేపు గాల్లో నిలబడుతుంది, ఆ సమయం అన్ని కార్టూన్లలో ఒకటేనా, ఎవరైనా కొలిచారా అని ఒకాయన అడిగాడు. కొలిచి వచ్చే శుక్రవారం చెబుతానన్నాడు కమలాకర్. అలా రెండో ఉపన్యాసం ఖాయమైంది. మూడోది శబ్దం గురించి. సినిమాలకి మాటలు వచ్చిన కాలంలో సంగీతానికీ అడుగుకీ ఎలా లంకె వేశారో వివరించాడు. నవ్వు మాత్రం ఏ శుక్రవారమూ ఎవరి నోటి నుంచీ వినపడలేదు. కమలాకర్ కూడా నవ్వడం మానేశాడు. తెలిసినవాడు నవ్వడని అతనికి నమ్మకం కుదిరింది.

ఇంట్లో మేధ పక్కన కూర్చుని కార్టూన్ చూడటం ఇప్పుడతనికి డ్యూటీ అయింది. చూస్తూ చూస్తూ ఆపేవాడు.

"ఇగో, గీడ చూడు బిడ్డా. చెయ్యి ఎట్ల సాగిందో చూసినవా? ఒక్క ఫ్రేమ్‌లనే ఉంటది గది. మన కంటికి కనిపియ్యదు."

"వైటర్, నాన్నా" అనేది మేధ. ముందుకు పోనివ్వమని.

"పోనిస్తనే. ముందు వెనక చెట్టు చూడు. ఇందాక గడిచిన చెట్టే మళ్లొచ్చింది. ఎందుకో చెప్పు?"

"వైటర్!"

"ఎందుకంటే గా చెట్టును ఒక్కసారే గీసిన్రు."

పెనం నెత్తి మీద పడబోయే క్షణంలో ఆపేవాడు. ఈగ ఎగరబోతుంటే ఆపేవాడు. ఏడు నిమిషాల బొమ్మ గంట సేపు నడిచేది. కొద్ది రోజులకి మేధ హెడ్‌ఫోన్లు తీసి టేబుల్ మీద పెట్టి, పూసల డబ్బా తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చుంది. కార్టూన్ పెట్టనా అని అడిగితే "నైన్" అంది, వద్దని. తల కూడా ఎత్తలేదు.

కమలాకర్ పొంగిపోయి పడగ్గదిలోకి వెళ్లాడు.

"చూసినవా ఆండాళ్? కార్టూన్లు మానేసింది. తిట్టలే, కొట్టలే. చదువు చెప్పినం, మానేసింది."

ఆండాళ్ లాప్‌టాప్ మీంచి చూపు తిప్పకుండానే అంది. "అది కార్టూన్లు మానలేదండీ. మీతో చూడటం మానేసింది."

ఆ మాట కమలాకర్‌కి నచ్చలేదు. కానీ ఆ సాయంత్రం ఒక్కడే కూర్చుని ఎలుగుబంటిని చూస్తుంటే చెట్టు సంగతి ఎవరికి చెప్పాలో తోచలేదు.

ఫిబ్రవరిలో ఫ్రావ్ హెంపెల్ ఫోన్ చేసింది. ఆమె కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. ఆమె తల్లి ఎల్బె నది అవతల ఓ వృద్ధాశ్రమంలో ఉంది. కరోనా వల్ల చుట్టాలని లోపలికి రానివ్వడం లేదు. వారానికొకసారి కిటికీ బయట మంచులో నిలబడి చేతులూపి వస్తోంది.

"మా అమ్మ ఒకప్పుడు ఇక్కడే డ్రెస్డెన్‌లో, తూర్పు జర్మనీ రోజుల్లో, బొమ్మల సినిమాలు తీసే స్టూడియోలో రంగులు వేసేది" అందామె. "మీ ఉపన్యాసం గురించి చెబితే వింటానంది. అక్కడ హాల్లో పెద్ద టీవీ ఉంది. మీరు ఆన్‌లైన్‌లో మాట్లాడితే వాళ్లందరూ చూస్తారు. ఎవరూ వచ్చేది లేదు కదా, పొద్దు పోవడం లేదు."

కమలాకర్ గుండె ఉప్పొంగింది. రంగులు వేసిన ఆడవాళ్ల గురించి అతను పుస్తకాల్లో మాత్రమే చదివాడు. ఇప్పుడు ఆ పని చేసిన మనిషే తన మాటలు వినబోతోంది. రెండు వారాలు కష్టపడి స్లైడ్లు తయారుచేశాడు. పేర్లు లేకుండా పోయిన ఆ ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఓ భాగం పెట్టాడు. ఆ భాగం చదివినప్పుడు గొంతు కొంచెం వణకాలని కూడా అనుకున్నాడు. ఆండాళ్ జర్మన్ తప్పులు దిద్ది పెట్టింది.

మధ్యాహ్నం కాఫీ, కేకు వేళకి ఏర్పాటు చేశారు. స్క్రీన్ మీద ఆశ్రమం హాలు కనిపించింది. దూరదూరంగా వేసిన కుర్చీల్లో పదిహేను మందో, ఇంకొంచెం ఎక్కువో. మాస్కు వేసుకున్న ఓ నర్సు టీవీ పక్కన నిలబడి ఉంది. ముందు వరసలో ఎర్ర శాలువా కప్పుకున్న ముసలామె. ఆమే ఫ్రావ్ హెంపెల్ తల్లి, ఎనభై దాటినా నిటారుగా కూర్చుంది.

కమలాకర్ సూటు వేసుకుని మొదలుపెట్టాడు. కాగితం రోజులు అయ్యాయి. సెల్యులాయిడ్ వచ్చింది. ఓ పెద్దాయన కేకు తినడం ముగించి నిద్రపోయాడు. స్టూడియోలు పెట్టినవాళ్ల గురించి చెబుతుండగా ఇంకొకాయన నిద్రపోయాడు. ముందు వరసలో ముసలామె చెయ్యెత్తింది.

"బాబూ, సినిమా ఎప్పుడు వేస్తారు?"

"చరిత్ర అయ్యాక వేస్తానండీ. ఇప్పుడే మీ భాగం వస్తోంది. రంగులు వేసిన స్త్రీలు..."

"నాకు తెలుసు" అందామె. "నేను వేశాను కదా. వారమంతా ఒక్క కోడి రెక్కలే వేసిన రోజులున్నాయి. మా పిల్లలు హాల్లో కూర్చుని చూసేవారు, నవ్వేవారు. నేను చూస్తే రంగు ఎక్కడ పలచబడిందో కనిపించేది. ఎన్నడూ నవ్వలేదు. అమెరికా వాళ్లవి అప్పట్లో మాకు వచ్చేవి కావు. పశ్చిమ జర్మనీ టీవీ కూడా డ్రెస్డెన్ దాకా అందేది కాదు. అమెరికా వాళ్ల సినిమా ఉందంటే వచ్చాను. మీరు మధ్యలో ఆపకుండా వేయండి. చాలు."

కమలాకర్ తన స్లైడ్ల వైపు చూశాడు. సగానికి పైగా మిగిలి ఉన్నాయి. గొంతు వణకాల్సిన భాగం కూడా అందులోనే ఉంది. అవన్నీ మూసేసి సినిమా వేశాడు.

తెర మీద ఎలుగుబంటి టోపీ పెట్టుకుని పడుకుంది. హాల్లో అందరూ టీవీ వైపు చూస్తున్నారు. నర్సు ముందుకొచ్చి చెయ్యూపింది.

"సౌండ్ రావడం లేదు."

శబ్దం గురించి ఓ శుక్రవారమంతా ఉపన్యాసమిచ్చిన మనిషి సౌండ్ షేర్ చేయడం మరిచిపోయాడు. ఏ బటనో వెతికాడు. కంగారులో ఏదీ కనబడలేదు. ఆపి మళ్లీ మొదలుపెడదామంటే ఆపవద్దని ముసలామె ఇప్పుడే చెప్పింది. తెర మీద ఈగ బయల్దేరింది.

"జ్జ్‌జ్‌జ్‌..."

కమలాకర్ తిరిగి చూశాడు. మేధ పూసల డబ్బా వదిలేసి అతని కుర్చీ పక్కన నిలబడి ఉంది. మైకు వైపు నోరు పెట్టి ఈగై ఎగురుతోంది. ఆ బొమ్మ ఆమెకి మొదటి నుంచీ చివరి దాకా కంఠతా వచ్చు. ఈగ ఎడమకి తిరిగితే ఎడమకి తిరిగింది, ఆగితే ఆగింది. ఎలుగుబంటి వచ్చేసరికి ఆగి నాన్న మోచేతిని పొడిచింది.

"నాన్నా, గురక నువ్వు పెట్టు! తొందరగా!"

ఆమెకి నిజంగా కోపమొచ్చింది, తెలుగులోకి దిగింది.

సూటూ టైతో ఉన్న కమలాకర్ ఒక్క క్షణం తటపటాయించి గురక పెట్టాడు. మొదటిది మర్యాదగా వచ్చింది. రెండోది బాగా వచ్చింది. పెనం దగ్గరికి వచ్చేసరికి మేధ వంటింట్లోకి పరిగెత్తి దోసెల పెనం, గరిటె తెచ్చింది. సరిగ్గా సమయానికి ఖంగుమని కొట్టింది. పడగ్గది తలుపు తెరుచుకుంది.

"ఏవండీ, అవతల కస్టమర్ అడుగుతున్నాడు, మీ ఇంట్లో ఏం జరుగుతోందని!"

"ఆండాళ్, జెర ఆగు! కొండ దగ్గరికొచ్చింది!"

ఎలుగుబంటి కొండ చివర దాటి గాల్లో నిలబడింది. ఇక్కడ ఆపి వివరించాలని కమలాకర్ నాలుక దాకా వచ్చింది. కానీ నోటి నిండా ఎలుగుబంటి ఆయాసం ఉంది. కిందికి చూసుకున్న ఎలుగుబంటి పడిపోతుంటే మేధ ఈలలా కూత పెట్టింది. కూత సన్నబడి సన్నబడి ఆగింది. పెనం మరోసారి ఖంగుమంది.

లాప్‌టాప్‌లోంచి ఏదో చప్పుడు వచ్చింది. నెట్‌వర్క్ గొడవ అనుకున్నాడు కమలాకర్. చూస్తే ఎర్ర శాలువా ముసలామె ముందుకు వంగి, కడుపు పట్టుకుని, ఊపిరి తిప్పుకోలేక నవ్వుతోంది. నిద్రపోయిన పెద్దాయన లేచి ఏమైందని పక్కాయన్ని అడుగుతున్నాడు, పక్కాయన చెప్పలేక చెయ్యూపుతున్నాడు. నర్సు మాస్కు పైన కళ్లు తుడుచుకుంటోంది. ఇన్ని శుక్రవారాల్లో తను ఎదురుచూసింది ఇదేనని కమలాకర్‌కి అప్పుడు తెలిసింది. ఎదురుచూస్తున్నానని కూడా తెలియదు అతనికి.

"ఇంకోసారి" అంది ముసలామె, కాస్త తేరుకుని. "ఆ చిన్న ఈగని మళ్లీ రమ్మనండి."

మూడుసార్లు వేశారు. మూడోసారికి నర్సు సౌండ్ ఎలా పెట్టాలో చెబుతానంది. హాల్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఆండాళ్ కస్టమర్‌కి ఏం చెప్పిందో గానీ, చివరి ఆటకి ఆమె కూడా వచ్చి మేధ చేతిలోంచి గరిటె తీసుకుని పెనం కొట్టింది.

సంగతి ఫ్రావ్ హెంపెల్ ద్వారా ఆఫీసుకి పాకింది. సోమవారం హెర్ ఫోగెల్ విడిగా ఫోన్ చేశాడు.

"మీరు కొత్త పద్ధతి కనిపెట్టారని విన్నాను. శ్రోతలు పాల్గొనే పద్ధతి. మన డైరెక్టర్లకి కూడా చూపించాలి. గురక దాదాపు ఎంతసేపు ఉంటుంది? అజెండాలో రాయాలి."

"అది పద్ధతి కాదండీ. సౌండ్ పోయింది, అంతే."

"వినయం" అన్నాడు హెర్ ఫోగెల్, మెచ్చుకుంటూ.

డైరెక్టర్ల ముందు కమలాకర్ గురక పెట్టాడు. మేధ రానంది, కాబట్టి ఈగ పని కూడా అతనే చేశాడు. డైరెక్టర్లు శ్రద్ధగా చూసి బల్లలు తట్టారు. ఎవరూ నవ్వలేదు. అయితే ఆ ఏడాది పనితీరు సమీక్షలో అతని డిజైన్ల గురించి రెండు లైన్లుంటే, కార్టూన్ల గురించి ఒక పేరా ఉంది. సిబ్బంది మనోధైర్యానికి బాధ్యుడిగా అతన్ని నియమించారు. ఆ పదవి జర్మన్ పేరు పలకడానికే ఊపిరి సరిపోదు, జీతంలో తేడా లేదు.

మార్చిలో ఓ ఆదివారం మధ్యాహ్నం బయట వాన పడుతోంది. కమలాకర్ సోఫాలో కూర్చుని ఓ పాత బొమ్మ వెతికి పెట్టాడు. దాని గురించి అతనెక్కడా చదవలేదు, ఎవరు తీశారో కూడా చూడలేదు. ఓ బాతు గొడుగు వేసుకుని రైలెక్కబోతోంది. మేధ కిటికీ దగ్గర్నుంచి కాసేపు అనుమానంగా చూసింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది. చెయ్యి మాత్రం రిమోట్ మీద వేసి ఉంచింది.

టికెట్ కలెక్టర్ వచ్చాడు. బాతు గొడుగులో దాక్కుంది.

"ఇప్పుడేమైతదే?" అన్నాడు కమలాకర్.

"వార్తె, నాన్నా" అంది మేధ, తెర మీంచి కళ్లు తిప్పకుండా. ఆగి చూడమని.

ఆగాడు.